కాల్విన్ వైపా, ఆర్మీనియస్ వైపా? దేవుని సార్వభౌమత్వం, మన స్వచిత్తం గురించి తేల్చుకోవాలనుకునేవారికి

మా పక్కింటి అక్క కొడుకు బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. పందొమ్మిదేళ్ల పిల్లాడు. సమాధి కార్యక్రమం అయిపోయి ఇంటికొచ్చాక, అక్క గోడకు ఆనుకుని చాప మీద కూర్చుంది. పలకరించడానికి వచ్చిన ఒకాయన "అంతా దేవుని చిత్తం తల్లీ, ఆయన ఇచ్చాడు, ఆయనే తీసుకున్నాడు" అన్నాడు. ఇంకొకాయన గుమ్మం బయట చెప్పులు వేసుకుంటూ "హెల్మెట్ పెట్టుకుని ఉంటే బతికేవాడు" అన్నాడు. గొంతు తగ్గించాననే అనుకుని ఉంటాడు, కానీ లోపలికి వినపడింది. వాడి హెల్మెట్ తలుపు వెనక మేకుకు వేలాడుతూనే ఉంది. అందరూ వెళ్లిపోయాక అక్క నన్ను అడిగింది: "తమ్ముడూ, వాణ్ణి దేవుడు తీసుకున్నాడా, వాడే పోయాడా? ఏదో ఒకటి చెప్పు."

చాలా ఏళ్లుగా సండే స్కూల్ చెప్తున్నవాణ్ణి. ఆ రోజు నోరు పెగల్లేదు. ఆ తర్వాతే ఈ విషయాన్ని కూర్చుని శ్రద్ధగా చదివాను. దేవుడే అన్నీ నిర్ణయిస్తాడా, మన నిర్ణయానికి నిజంగా విలువ ఉందా అన్నది బైబిల్ కాలేజీలో వాదించుకునే సంగతి మాత్రమే కాదు. ఒక రోజు అది మన ఇంటి చాప మీదకే వచ్చి కూర్చుంటుంది. అప్పటికి ఏదో ఒక పక్షం నిజాయితీగా తేల్చుకుని ఉండటం మంచిదని నా అభిప్రాయం. దానికి పనికొస్తుందనే ఇది రాస్తున్నాను.

ముందు రెండు అపోహలు వదిలించుకోవాలి

ఎవరు రక్షణ పొందాలో దేవుడే ముందుగా నిర్ణయించాడనేది కాల్విన్ పక్షం, అంటే కాల్వినిజం. దేవుని కృప అందరికీ అందుతుంది, దాన్ని కాదనడం కూడా మనిషికి సాధ్యమే అనేది ఆర్మీనియస్ పక్షం, అంటే ఆర్మీనియనిజం. మన దగ్గర కాల్వినిజం అనగానే "తలరాతే కదా" అంటారు. ఆర్మీనియనిజం అనగానే "మన ప్రయత్నంతో మనమే రక్షణ సంపాదించుకోవడం" అంటారు. రెండూ తప్పే.

తలరాతలో ప్రార్థన వినేవాడు ఎవరూ లేరు. రాసింది రాసినట్టే జరుగుతుంది. కాల్వినిస్టు నమ్మే దేవుడు అలా కాదు. ఆయన తండ్రి, పిలిస్తే పలుకుతాడు, మన ప్రార్థనను కూడా తన పనికి సాధనంగా వాడుకుంటాడు. దేవుని కృప మనుషులను కట్టెల్లాగా, రాళ్లలాగా చూడదని, కాల్వినిస్టుల ఐదు అంశాలను తీర్మానించిన డార్ట్ సభ పత్రాల్లోనే స్పష్టంగా రాసి ఉంది.

ఇక మనిషి తన శక్తితోనే మంచివాడు కాగలడన్న బోధ పెలాగియస్ పేరుతో చరిత్రలో ఉంది. దాన్ని ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను తన చివరి ఏళ్లన్నీ ఎదిరించాడు, 418లో కార్తేజు సభ ఖండించింది. విశ్వాసం మొదలవడం కూడా దేవుని కృపతోనే అని 529లో ఆరెంజ్ సభ తేల్చింది. దేవుడే కొందరిని చెడుకు నిర్ణయించాడనేవాళ్లను కూడా అదే సభ తప్పుపట్టింది. ఆర్మీనియస్ కూడా కృప లేకుండా మనిషి ఏ మంచీ చేయలేడనే చెప్పాడు. అందుకే మీ స్నేహితుడు ఆర్మీనియన్ అయితే అతన్ని పెలాగియస్ శిష్యుడని తిట్టకండి, కాల్వినిస్టు అయితే తలరాతవాది అని వెక్కిరించకండి.

మరి తేడా ఎక్కడ? నాకు యోహాను సువార్తలోని ఇద్దరు మనుషులు గుర్తొస్తారు. ఒకడు లాజరు. చనిపోయి నాలుగు రోజులైంది. యేసు అతన్ని ఏమీ అడగలేదు, పేరు పెట్టి పిలిచాడు, అతను బయటికి వచ్చాడు. రెండోవాడు బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై ఎనిమిదేళ్లుగా జబ్బుతో పడి ఉన్నవాడు. అతను కూడా తనంతట తాను లేవలేడు. కానీ యేసు అతన్ని అడిగాడు: "స్వస్థపడగోరుచున్నావా?" కాల్వినిస్టు దృష్టిలో పాపి లాజరు. ఆర్మీనియన్ దృష్టిలో పాపి ఆ కోనేటి దగ్గరి మనిషి. ఇద్దరినీ లేపింది యేసే, అందులో గొడవ లేదు. లేపే ముందు అడిగాడా లేదా అన్నదే గొడవంతా.

కాల్వినిస్టు పక్షం

జాన్ కాల్విన్ తన ప్రధాన గ్రంథాన్ని 1536లో మొదలుపెట్టి, పెంచుకుంటూ వచ్చి, 1559లో చివరి రూపం ఇచ్చాడు. అయితే ఈ రోజు అందరూ చెప్పుకునే "ఐదు అంశాలు" ఆయన రాసినవి కావు. ఆయన 1564లో చనిపోయాడు. నెదర్లాండ్స్‌లోని డార్ట్ పట్టణంలో 1618-19లో జరిగిన సభ ఆ అంశాలను తీర్మానించింది. మనిషి పూర్తిగా పతనమయ్యాడు. దేవుడు ఎవరినైనా ఏర్పరచుకుంటే అది వారిలో ఏదో చూసి కాదు. క్రీస్తు మరణం లోకమంతటి పాపాలకూ సరిపోయేంత విలువైనదే అయినా, అది ఫలించేది ఏర్పరచబడినవారిలో. దేవుడు రక్షించాలనుకున్నవారిని ఆయన కృప చివరికి గెలుస్తుంది. ఆయన పట్టుకున్నవారు చివరివరకు నిలుస్తారు. క్లుప్తంగా ఇంతే.

ఈ పక్షం బలం ఎక్కడుందో తెలియాలంటే మీ ప్రార్థన మీరే వినండి. "ప్రభువా, మా నాన్న మనసు మార్చు" అని అడుగుతాం. "మా నాన్నకు అవకాశం ఇచ్చి పక్కన నిలబడు" అని ఎవరూ అడగరు. మోకాళ్ల మీద ఉన్నప్పుడు దాదాపు అందరం కాల్వినిస్టులమే. "తండ్రి ఆకర్షించితేనే గాని యెవడును నాయొద్దకు రాలేడు" అన్న యేసు మాట, యాకోబు ఏశావులు పుట్టకముందే దేవుడు యాకోబును ఎన్నుకున్నాడని రోమా 9లో పౌలు రాసినది, దేవుడు మనల్ని ముందే ఏర్పరచుకున్నాడనే ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయం, ఇవన్నీ ఇటువైపే బరువుగా మొగ్గుతాయి.

రెండో బలం, నా రక్షణ పోదన్న నిశ్చయత. మా యూత్ క్యాంపులో ఒక అబ్బాయి ఉండేవాడు. ప్రతి వేసవిలో చివరి రోజు రాత్రి పిలుపు ఇవ్వగానే ముందుకొచ్చేవాడు. నాలుగో ఏడు కూడా వస్తే పక్కకు పిలిచి అడిగాను. "లాస్ట్ ఇయర్ ది నిలబడిందో లేదో అని టెన్షన్ అన్నా" అన్నాడు. ఆ పిల్లాడికి కావలసింది డార్ట్ సభ ఐదో భాగంలో ఉన్న మాట. దావీదు, పేతురు లాంటివాళ్లు కూడా ఘోరంగా పడిపోయారు, అయినా దేవుడు వాళ్లను వదిలేయలేదు అని అక్కడ ఉంది. నేను ఆర్మీనియన్ వైపు ఉన్నవాణ్ణయినా ఆ రాత్రి అతనికి, నా గొర్రెలను ఎవడూ నా చేతిలోనుంచి లాక్కోలేడని యేసు చెప్పిన యోహాను 10 చదివి వినిపించాను.

ఇంకో సంగతి ఎక్కువమందికి తెలియదు. చిన్నతనంలోనే పిల్లలను పోగొట్టుకున్న విశ్వాసులు ఆ పిల్లల రక్షణ గురించి సందేహపడకూడదని డార్ట్ సభ ప్రత్యేకంగా ఒక అంశం రాసింది. కాల్వినిస్టులు కఠినాత్ములు అనేవాళ్లకు దీన్ని చూపించాలి.

ఇక ఈ పక్షం మోయాల్సిన బరువు. దేవుడు అందరినీ మార్చగలిగీ కొందరినే ఎందుకు మార్చాడు? జరిగేదంతా ఆయన నిర్ణయమే అయితే పాపం సంగతేమిటి? ఇంగ్లండ్‌లో కాల్వినిస్టు పక్షంవాళ్లు రాసి 1646లో పూర్తిచేసిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం మూడో అధ్యాయం, జరిగేదంతా దేవుడు నిర్ణయించాడని చెప్పి, అదే ఊపులో దేవుడు పాపానికి కర్త కాదనీ, మనుషుల చిత్తం మీద బలవంతం లేదనీ అంటుంది. ఈ రెండూ ఎలా కలిసి ఉంటాయో వివరించదు. మంచి కాల్వినిస్టు ఇది మర్మం అని ఒప్పుకుంటాడు. ఒప్పుకోకుండా అన్నీ గీత గీసినట్టు చెప్పేవాడు కనిపిస్తే కొంచెం జాగ్రత్త.

ఆర్మీనియన్ పక్షం

జేకబ్ ఆర్మీనియస్ (1560–1609) బయటినుంచి వచ్చిన విరోధి కాదు. జెనీవాలో కాల్విన్ వారసుడు బేజా దగ్గరే చదువుకున్నాడు. 1603లో లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాక సహోద్యోగి గోమారస్‌తో ముందస్తు ఏర్పాటు (ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే నిర్ణయించడం) విషయంలో గొడవ ముదిరింది. ఆయన పోయిన మరుసటి ఏడు, 1610లో, ఆయన వైపువాళ్లు ఐదు అంశాలతో విన్నపం ఇచ్చారు. డార్ట్ సభ కూడింది దానికి జవాబు ఇవ్వడానికే. అంటే మనం కాల్వినిజం ఐదు అంశాలు అంటున్నవి నిజానికి జవాబులు. ప్రశ్న ముందు అటువైపు నుంచి వచ్చింది.

ఆ సభలో వేదాంతం ఎంత ఉందో రాజకీయం కూడా అంత ఉంది. సుమారు 200 మంది పాస్టర్ల పదవులు పోయాయి. వారికి అండగా ఉన్న డెబ్బై ఏళ్లు దాటిన రాజకీయ నాయకుడు ఓల్డన్‌బార్నెవెల్ట్ తల 1619 మేలో నరికారు. అదే వైపున్న న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్‌ను కోటలో బంధిస్తే, రెండేళ్లకు పుస్తకాలు మోసే పెట్టెలో దాక్కుని తప్పించుకున్నాడు. కృప గురించి మాట్లాడుకునేవాళ్లు ఇంతదాకా వెళ్లారంటే ఇప్పటికీ నాకు బాధేస్తుంది.

ఆర్మీనియన్లు చెప్పేది ఏమిటంటే, దేవుడు అందరి కోసం క్రీస్తును ఇచ్చాడు, అందరి హృదయాల్లో ముందుగా కృపతో పనిచేస్తాడు, ఆ కృప వల్లే మనిషి నమ్మగలుగుతాడు. కానీ కాదనడం కూడా మనిషికి సాధ్యమే. ఎవరు నమ్ముతారో దేవునికి ముందే తెలుసు, ఆ ప్రకారం ఏర్పరచుకున్నాడు. నమ్మినవాడు విశ్వాసం నుంచి పూర్తిగా తొలగిపోగలడా అన్న విషయాన్ని 1610 విన్నపం తేల్చకుండా వదిలేసింది. తర్వాతివారు తొలగిపోగలడనే చెప్పారు.

ఈ పక్షం బలమంతా నాకు ఒక్క వచనంలో కనిపిస్తుంది. యెరూషలేమును చూస్తూ యేసు, కోడి తన పిల్లలను రెక్కల కిందికి చేర్చుకున్నట్టు నిన్ను ఎన్నోసార్లు చేర్చుకోవాలనుకున్నాను అంటాడు. "గాని మీరు ఒల్లకపోతిరి." మన పాత తెలుగు బైబిలులో ఈ "ఒల్లకపోతిరి" అనే మాట ఎంత బరువుగా పడిందో చూడండి. అడిగినవాడి ప్రేమ నిజం, కాదన్నవాళ్ల నిర్ణయం కూడా నిజం. మనుషులందరూ రక్షణ పొందాలని దేవుడు ఇష్టపడుతున్నాడని 1 తిమోతి 2లో ఉన్నదాన్ని వీళ్లు ఉన్నదున్నట్టే తీసుకుంటారు. రోమా 9ని కూడా వదిలేయరు. అక్కడ పౌలు ఎత్తి చెప్పిన ఆదికాండపు మాట "రెండు జనములు నీ గర్భములో కలవు" అనే వాగ్దానంలోది కాబట్టి, ఆ అధ్యాయం ముఖ్యంగా జనముల గురించి, ఇశ్రాయేలు గురించి అని చదువుతారు. అదే అధ్యాయంలో దేవుణ్ణి కుమ్మరితో, మనిషిని మట్టితో పోల్చిన మాటను యిర్మీయా 18తో కలిపి చూస్తారు. అక్కడ జనం మనసు మార్చుకుంటే కుమ్మరి కూడా తన తీర్పు మార్చుకుంటాడు.

వీళ్ల బరువు కూడా తక్కువదేమీ కాదు. ఒకే ఇంట్లో, ఒకే ప్రసంగం విన్న ఇద్దరిలో అన్న నమ్మాడు, తమ్ముడు నమ్మలేదు. కృప ఇద్దరికీ సమానమే అయితే అన్నలో ఏదో మంచి ఎక్కువ ఉన్నట్టేనా? ఆర్మీనియన్లు మరచిపోయే ఇంకో ప్రశ్న ఉంది. ఫలానావాడు నమ్మడని ముందే తెలిసీ దేవుడు వాణ్ణి పుట్టించాడు కదా. స్వచిత్తం అనగానే దేవుని మీద ఉన్న ప్రశ్నలన్నీ తీరిపోవు.

ఇద్దరు స్నేహితులు

వేదాంతం కన్నా మనుషులను చూస్తే కొన్ని సంగతులు బాగా అర్థమవుతాయి. జాన్ వెస్లీ, జార్జ్ విట్‌ఫీల్డ్ ఆక్స్‌ఫర్డ్ రోజుల నుంచి స్నేహితులు, ఇద్దరూ పొలాల్లో నిలబడి వేలమందికి సువార్త చెప్పినవాళ్లు. 1739లో వెస్లీ ముందస్తు ఏర్పాటుకు వ్యతిరేకంగా ఘాటైన ప్రసంగం చేసి అచ్చు వేయించాడు. 1740 డిసెంబర్ 24న విట్‌ఫీల్డ్ అమెరికా నుంచి అంతే సూటిగా జవాబు రాశాడు. వాళ్ల మెథడిస్టు ఉద్యమం రెండుగా చీలింది. తర్వాత ఇద్దరూ మళ్లీ మాటలు కలుపుకున్నారు గానీ అభిప్రాయాలు మార్చుకోలేదు. 1770లో విట్‌ఫీల్డ్ చనిపోతే లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే.

కాల్వినిజం సువార్త పనిని చంపేస్తుందనేవాళ్లకు విలియం కేరీ జవాబు. ఆయన ఇంగ్లండ్‌లో కాల్వినిస్టు బాప్తిస్టు సంఘాలకు చెందినవాడు. 1792లో ఆయన రాసిన చిన్న పుస్తకం పేరులోనే, అన్యులను క్రీస్తువైపు తిప్పడానికి క్రైస్తవులు సాధనాలు వాడాలన్న మాట ఉంది. మరుసటి ఏడు బెంగాల్ చేరాడు. ఆయన సెరంపూర్ ముద్రణాలయం నుంచి తెలుగు కొత్త నిబంధన కూడా వచ్చింది. దేవుడు ఏర్పరచుకున్నాడు కాబట్టి నేను వెళ్లాలి అన్నది ఆయన లెక్క.

మిగతా దారులు

లూథర్ దారి మనవాళ్లు పట్టించుకోరు గానీ గుంటూరు వైపు లూథరన్ కుటుంబాల్లో పుట్టినవాళ్లకు అది సొంత ఆస్తి. 1525లో లూథర్, స్వచిత్తాన్ని సమర్థించిన పండితుడు ఎరాస్మస్‌కు జవాబుగా మనిషి చిత్తం బానిసత్వంలో ఉందని రాశాడు. తర్వాత 1577 నాటి లూథరన్ ఒప్పంద పత్రం ఒక మెట్టు దగ్గర ఆగిపోయింది. రక్షణ పొందితే అది పూర్తిగా దేవుని ఏర్పాటే. నశిస్తే అది పూర్తిగా మనిషి తప్పే. ఈ రెంటినీ తర్కంతో అతకవద్దు, లేఖనం ఆగిన చోట ఆగు. లెక్క సరిపోవాలనే మనస్తత్వం ఉన్నవాళ్లకు ఇది మింగుడుపడదు. నాకు మాత్రం దీనిలో ఒక వినయం కనిపిస్తుంది.

ఇంకో దారి మోలినాది. ఆయన స్పెయిన్‌కు చెందిన జెసూట్, అంటే ఒక కాథలిక్ సన్యాస సంఘంవాడు. 1588లో ఆయన చెప్పిన ఉపాయం తెలివైనది: ఫలానా పరిస్థితిలో ఫలానా మనిషి స్వేచ్ఛగా ఏం చేస్తాడో దేవునికి తెలుసు, ఆ జ్ఞానంతో ఆయన లోకాన్ని అమర్చాడు. దీనికి చూపించే చక్కని ఉదాహరణ 1 సమూయేలు 23లో ఉంది. కెయీలా ఊరివాళ్లు నన్ను, తరుముతున్న సౌలు రాజుకు అప్పగిస్తారా అని దావీదు అడిగితే దేవుడు "అప్పగిస్తారు" అన్నాడు. దావీదు ఊరు వదిలి వెళ్లాడు, అప్పగించడం జరగలేదు. జరగనిది కూడా దేవునికి తెలుసన్నమాట. కానీ ఆ జ్ఞానం మీద ఇంత పెద్ద మేడ కట్టే ఆధారం లేఖనంలో ఉందా అంటే నాకు సందేహమే. కాలేజీ పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది.

భవిష్యత్తులో మనుషులు తీసుకునే స్వేచ్ఛా నిర్ణయాలు దేవునికే ఇంకా ఖచ్చితంగా తెలియవనే కొత్త బోధ కూడా ఉంది. పేతురు మూడుసార్లు బొంకుతాడని కోడి కూయకముందే చెప్పిన యేసును చదివాక నేను దాన్ని తీసుకోలేను.

మీ సంఘం ఎటువైపు?

తేల్చుకునే ముందు మీరు కూర్చునే బెంచీ చరిత్ర తెలుసుకోండి. సీఎస్‌ఐ (దక్షిణ భారత సంఘం) 1947 సెప్టెంబర్ 27న ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు అందులో కలిశారు. అంటే వెస్లీ మనవళ్లూ కాల్విన్ మనవళ్లూ ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుంటున్నారు. మెదక్ వైపు వెస్లీ మెథడిస్టు మిషనరీలు పనిచేశారు, కడప వైపు లండన్ మిషన్‌వాళ్లు పనిచేశారు. పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువ భాగం ఆర్మీనియన్ ధోరణే. బాప్తిస్టుల్లో మొదటి నుంచీ రెండు రకాలూ ఉన్నారు. ఈ మధ్య మన కుర్రాళ్లు ఫోన్‌లో ప్రసంగాలు విని కాల్వినిస్టులై, ఆదివారం అయ్యగారి ప్రసంగంలో తప్పులు వెతకడం మొదలుపెడుతున్నారు. ఈ ఒక్క కారణంతో సంఘం మారకండి. పాస్టర్ గారితో విడిగా కూర్చుని రోమా 9 నుంచి 11 వరకు కలిసి చదవండి.

ఎలా తేల్చుకోవాలి

వచనాలు లెక్కపెట్టి తేల్చుకోవాలని చూడకండి, రెండు వైపులా కావలసినన్ని ఉన్నాయి. నా సలహా వేరు. ప్రతి పక్షమూ ఒక ప్రశ్న తీర్చి ఇంకో ప్రశ్నను మన నెత్తిన పెడుతుంది. ఏ ప్రశ్నను మోస్తూ మీరు ప్రార్థన మానకుండా, సువార్త చెప్పడం మానకుండా ఉండగలరో చూసుకోండి.

దీనికి నేను వాడే పరీక్ష అపొస్తలుల కార్యములు 27. ఓడ తుఫానులో ఉంది. ఒక్క ప్రాణం కూడా పోదని దేవుడు మాట ఇచ్చాడని పౌలు అందరికీ చెప్పాడు. అది జరిగి తీరుతుంది. ఆ తర్వాత ఓడవాళ్లు లంగర్లు వేసే నెపంతో చిన్న పడవ దించి పారిపోవాలని చూస్తే, అదే పౌలు శతాధిపతితో, వీళ్లు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరు అన్నాడు. సైనికులు పడవ తాళ్లు కోసేశారు. చివరికి 276 మందీ, కొందరు ఈదుకుంటూ, కొందరు పలకలు పట్టుకుని, ఒడ్డుకు చేరారు. మీరు ఏ పక్షం తీసుకున్నా ఈ అధ్యాయాన్ని ఇబ్బంది పడకుండా గట్టిగా చదవగలగాలి. దేవుని మాట ఉంది కదా అని తాళ్లు కోయడం మానేసేవాడు కాల్విన్‌ను సరిగా చదవలేదు. తాళ్లు నేనే కోశాను, బతికించింది నేనే అనేవాడు ఆర్మీనియస్‌ను చదవలేదు.

మీది ఎప్పుడూ భయపడే మనసు అయితే, రక్షణ పోయిందేమో అని రాత్రుళ్లు నిద్ర పట్టనివారైతే, కాల్వినిస్టుల దగ్గర కొన్నాళ్లు కూర్చోండి. "ఏర్పరచబడినవాడే వస్తాడులే" అని పక్కింటివాళ్లతో సువార్త మాట్లాడటం మానేసినవారైతే వెస్లీని చదవండి. ఆంగ్లికన్ల పాత విశ్వాస సూత్రాల్లోని పదిహేడో ఆర్టికల్ కూడా ఏర్పాటు సిద్ధాంతం భక్తిగలవారికి తియ్యని ఆదరణ అనీ, ఊరికే ఆసక్తితో తవ్వే శరీరానుసారులకు ప్రమాదం అనీ రెండూ చెప్తుంది.

నేను ఆర్మీనియన్ వైపు ఆగాను. "ఒల్లకపోతిరి" అన్న మాటను ఇంకో రకంగా చదవడం నావల్ల కాలేదు. బేతెస్ద దగ్గర యేసు అడిగిన ప్రశ్న ఉత్తుత్తి ప్రశ్న అని నమ్మడం కూడా నావల్ల కాలేదు. దాంతోపాటు వచ్చిన బరువును కూడా నేనే మోస్తున్నాను.

చావు ఇంట్లో మాత్రం పక్షం కన్నా మనిషి ముఖ్యం. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అన్నది యోబు తన గురించి తాను అన్న మాట. పరామర్శకు వచ్చినవాళ్లు ఆయనతో అన్నది కాదు. మా అక్క దగ్గరికి క్రమం తప్పకుండా వచ్చింది మా సంఘంలోని ఒక పెద్దాయన. పక్కా కాల్వినిస్టు. శనివారం సాయంత్రం వచ్చి ఒక కీర్తన చదివేవాడు, కారుతున్న కుళాయి బాగుచేసి వెళ్లేవాడు. చిత్తం గురించి ఒక్క మాట ఎత్తలేదు.

కొన్ని నెలల తర్వాత అక్క మళ్లీ అడిగింది. ఈసారి చెప్పాను. "వాడు హెల్మెట్ ఇంట్లో వదిలేసి వెళ్లడం దేవుడు చేసిన పని కాదక్కా. వాడు పడిపోయిన చోట మాత్రం దేవుడు ఉన్నాడు."

"మరి ఆపొచ్చు కదా తమ్ముడూ?"

"ఆపొచ్చక్కా. ఎందుకు ఆపలేదో నాకు తెలియదు."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి, తలుపు వెనక ఉన్న హెల్మెట్ తీసి కొంగుతో దుమ్ము తుడిచి, "మీ వాడికి సరిపోతుందేమో, తీసుకెళ్లు" అంది.